ఎండాకాలంలో సంగీత సాధన ఎందుకు సన్నగిల్లుతుంది? సమస్యలు - పరిష్కారాలు

సెలవులిచ్చిన కొత్తలో ఉత్సాహంగా కూర్చున్న పిల్లలే మే నెల వచ్చేసరికి వయొలిన్ పెట్టె తెరవమంటే ముఖం ముడుచుకుంటారు. "వీడికి ఆసక్తి పోయింది" అని తేల్చేసే ముందు కింది విషయాలు చూడండి. చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోగలిగినవే.

సమస్య: కూర్చున్న పది నిమిషాలకే లేచిపోతున్నారు

కారణం: వేళ. సెలవుల్లో ఆలస్యంగా లేచి, టిఫిన్ తిని, శ్రుతిపెట్టె ఆన్ చేసేసరికి పది దాటుతుంది. అప్పటికే వడగాలి మొదలవుతుంది. రోహిణి కార్తెలో అయితే చెప్పక్కర్లేదు.

పరిష్కారం: తెల్లవారగానే అరగంట, సాయంత్రం ఇంకో ఇరవై నిమిషాలు చాలు. నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రపు గాలి తిరిగాక డాబా మీద హాయిగా కూర్చోవచ్చు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ గాలి అందదు కాబట్టి పొద్దుటిపూటనే నమ్ముకోవాలి. మధ్యాహ్నాన్ని వినడానికి వదిలేయండి.

సమస్య: "అదే పాఠం ఇంకెన్నిసార్లు?"

కారణం: గురువుగారు ఊరెళ్తే కొత్త పాఠం ఉండదు. రోజూ వర్ణం (స్వరాలు, సాహిత్యం కలిసిన పెద్ద పాఠం) మొదటి నుంచి ఎత్తుకుని, కష్టమైన చోటికి వచ్చేసరికి అలసిపోయి ఆపేస్తారు.

పరిష్కారం: ఒక వారం చరణం, అంటే వర్ణం రెండో సగం నుంచే మొదలుపెట్టించండి. ఇక వచ్చిన పాఠాన్నే కొత్తగా మార్చే పద్ధతి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సరళీ వరుసలు, అంటే మొట్టమొదటి స్వర పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో నేర్చుకుని ఉంటారు కదా. అందులో రిషభం (రి), ధైవతం (ద) రెండూ శుద్ధం, అంటే తక్కువ స్థాయివి. వాటిని కాస్త ఎత్తైన చతుశ్శ్రుతికి మారిస్తే శంకరాభరణం. అక్కడ మధ్యమాన్ని (మ) కాస్త ఎత్తైన ప్రతి మధ్యమం చేస్తే కళ్యాణి. వేళ్లకు తెలిసిన వరుసే, చెవికి మాత్రం కొత్త రాగం. ఎక్కడ మారిందో పిల్లలనే కనిపెట్టమనండి, గంట గడిచినా లేవరు.

సమస్య: నిన్న బాగా పలికిన వాయిద్యం ఇవాళ అపస్వరం

కారణం: ఎండ. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. వేడికి మైనం మెత్తబడితే మెట్టు కదిలి స్వరం మారిపోతుంది. పొడి గాలికి మృదంగం చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది, ఎడమవైపు పెట్టిన రవ్వ ముద్ద త్వరగా ఎండి గుంభనమైన నాదం పోతుంది. వయొలిన్ తీగలు బిగించే బిరడాలు వదులై జారతాయి.

పరిష్కారం: వాయిద్యాన్ని కిటికీ పక్కన, రేకుల గదిలో, ఎండలో ఆపిన కారులో ఉంచవద్దు. రవ్వ ముద్దను మధ్యమధ్య తడి వేలితో రాయండి. వాయించడం అయ్యాక వయొలిన్ బో వెంట్రుకలు వదులు చేసి, తీగల మీద చెమటను పొడిగుడ్డతో తుడవండి. కదిలిన మెట్లను ఇంట్లో సర్దబోకండి, ఆ పని తెలిసినవారికే ఇవ్వాలి. ఇదంతా చూడకుండా పిల్లవాణ్ణి తిట్టడం అన్యాయం. శ్రుతి కలవని వాయిద్యంతో ఎవరికైనా విసుగే.

సమస్య: గొంతు పొడిబారుతోంది

ఏసీ, ఫ్యాను గాలి, తక్కువ నీళ్లు. మజ్జిగ, నీళ్లు ఎక్కువగా ఇవ్వండి. శ్రుతి కాస్త తగ్గించి మంద్రంలో (కింది స్థాయిలో) అకార సాధన, అంటే 'ఆ' అంటూ స్వరాలు పాడటం చేయించండి. గొంతు నొప్పిగా ఉంటే ఆ పూట పాడించవద్దు.

సమస్య: "ఇదంతా ఎందుకు?" అంటున్నారు

కారణం: మంచి సంగీతం చెవిన పడటం లేదు.

పరిష్కారం: 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డింగులు వినిపించండి. ఆయన 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారని చెప్పండి. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల అనీ, ఆ ఊరు కంభం దగ్గరే ఉందనీ తెలిస్తే పిల్లలు కృతిని వేరేగా చూస్తారు. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి వస్తుంది. ఆ రోజు ఇంట్లోవాళ్ల ముందు ఒక్క కీర్తన పాడాలని ముందే అనుకుంటే సాధనకు గడువు దొరుకుతుంది.

పెళ్లిళ్లకో అమ్మమ్మగారింటికో వెళ్తే వాయిద్యం వెంట తీసుకెళ్లక్కర్లేదు. బస్సులో కూర్చుని అలంకారాలను (తాళాల వారీగా సాగే స్వర పాఠాలు) దేని తాళం దానికి వేస్తూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చెప్పుకోవచ్చు. తిరిగొచ్చాక మొదటి రోజు మాత్రం వర్ణం ఎత్తుకోకుండా సరళీ వరుసలతోనే మొదలుపెట్టించండి.