మరుగున పడిన ఆల్బమ్‌ను, దాన్ని పాడిన గొంతును వెతికి పట్టుకోవడం ఎలా?

1982లో కలకత్తా మెగాఫోన్ కంపెనీ ఒక ఎల్‌పీ (లాంగ్ ప్లే) గ్రామఫోన్ రికార్డు విడుదల చేసింది. పేరు 'డిస్కో జాజ్'. పాడింది రూపా బిశ్వాస్ అనే బెంగాలీ అమ్మాయి. కెనడాలోని కాల్గరీలో ఉన్న తోబుట్టువు ఇంటికి వెళ్లినప్పుడు అక్కడే రికార్డు చేశారు. ఉన్నవి నాలుగే పాటలు. సరోద్ ఆశిష్ ఖాన్, తబలా ప్రాణేశ్ ఖాన్. ఇద్దరూ ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ కొడుకులు. వాళ్ల పక్కన కెనడా వాద్యకారుల గిటారు, డ్రమ్స్.

అప్పటికే పాకిస్తానీ గాయని నాజియా హసన్ పాడిన 'డిస్కో దీవానే' మన దేశమంతా మోగుతోంది. రూపా రికార్డు ఎవరికీ పట్టలేదు. ఆవిడకు అదే మొదటి ఆల్బమ్, అదే చివరిది. ఏళ్లు గడిచాక ఆ రికార్డులోని 'ఆజ్ శనిబార్' యూట్యూబ్‌లో ఊరూరా పాకింది. పాత ప్రతుల కోసం విదేశాల్లో పెద్ద మొత్తాలు పెట్టేవాళ్లు తయారయ్యారు. తన రికార్డుకు అంత గిరాకీ ఉందని రూపాకు కొడుకు ద్వారా తెలిసింది. 2019లో అమెరికాలోని న్యూమెరో గ్రూప్ అనే రికార్డు కంపెనీ దాన్ని పద్ధతిగా మళ్లీ విడుదల చేసింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది పాట ఒక్కటే కాదు. పాట ఎన్నో ఏళ్లు ఇంటర్నెట్‌లో తిరిగింది, పాడిన మనిషి మాత్రం కలకత్తాలో తన ఇంట్లో తానున్నారు. ఇలాంటి రెండింటినీ కలిపేది రికార్డు అట్ట మీది పేర్లే. అందుకే నేను ఎవరికైనా చెప్పే మాట ఒకటే: పాటను వెతకకండి, పేర్లను వెతకండి. ఆ పని ఎలా చేయాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

1. ఒక్క దారం పట్టుకోండి

'పాత పాటలు' అని వెతికితే సముద్రంలో దూకినట్టే. ఒక కంపెనీ, ఒక దశాబ్దం, ఒక వాద్యకారుడు, ఒక ఊరు... వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. తెలుగువాళ్లకు నేను చూపించే మొదటి దారం ప్రైవేట్ రికార్డులు. సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోన్ కంపెనీలు విడిగా చేసిన పాటలను అలాగే పిలిచేవారు. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి కలిసీ విడివిడిగానూ పాడిన లలిత గీతాలు ఆ రోజుల్లో పాప్ సంగీతమే. ఇంటింటా పాడుకున్నారు, పెళ్లి పందిళ్లలో మోగించారు. సినిమా పాట వాటిని పక్కకు నెట్టేసింది.

రెండో దారం 1980ల, 90ల క్యాసెట్లు. క్యాసెట్ చవక కావడంతో ఎవరెవరో పాడారు, ఎన్నెన్నో చిన్న కంపెనీలు పుట్టి పోయాయి. ఎక్కువ పోగొట్టుకున్నది ఇక్కడే అని నా నమ్మకం. గ్రామఫోన్ రికార్డును చూస్తే జనానికి ఇంకా గౌరవం ఉంది, క్యాసెట్‌ను మాత్రం చెత్తతో పాటు పారేస్తున్నారు.

2. మొదట మీ ఇంట్లో, తర్వాత బజారులో

అటక మీది పెట్టెలు దించండి. అమ్మమ్మ వైపు, నానమ్మ వైపు రెండిళ్లలోనూ అడగండి. 'పాత రికార్డులున్నాయా' అంటే చాలామంది లేవనే అంటారు. 'పాత టేప్‌రికార్డర్ ఎక్కడ పెట్టారు' అని అడిగి చూడండి, దాని పక్కనే క్యాసెట్ల డబ్బా ఉంటుంది.

బజారు సంగతికొస్తే హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత ఉన్నాయి. ముంబైలో చోర్ బజార్, కలకత్తాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డులకు పేరున్న చోట్లు. పొద్దున్నే వెళ్లండి. కొన్నా కొనకపోయినా లేబుల్‌కు, అట్టకు రెండు వైపులా ఫోటో తీసుకోవచ్చా అని అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ ఫోటోయే సగం పని.

ఇంటర్నెట్‌లో డిస్కాగ్స్ అనే సైటు రికార్డుల వివరాలకు పెద్ద దిక్కు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో జనం ఎక్కించిన పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులున్నాయి. 'యంగ్ ఇండియా' అనే స్వదేశీ కంపెనీ రికార్డులను బ్రిటిష్ లైబ్రరీ వారి పథకం కింద డిజిటల్ చేశారు. తెలుగు ప్రైవేట్ రికార్డుల మీద 'ఈమాట' పత్రికలో పాటలతో సహా వచ్చిన వ్యాసాలు తప్పకుండా చదవాల్సినవి. ముంబైలోని సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ 1990 నుంచి ఇదే పనిలో ఉంది.

3. లేబుల్‌ను చదవడం నేర్చుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. రికార్డు మధ్యలోని గుండ్రటి కాగితం మీద పాట పేరు, పాడినవారి పేరే కాదు, ఒక కేటలాగ్ నంబరు ఉంటుంది. లేబుల్‌కూ గాడులకూ మధ్య ఖాళీగా మెరిసే చోట ఇంకో నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని మ్యాట్రిక్స్ నంబరు అంటారు. కేటలాగ్ నంబరు అమ్మకం కోసం, మ్యాట్రిక్స్ నంబరు రికార్డింగ్‌కు గుర్తు. రెండు రికార్డుల మ్యాట్రిక్స్ నంబర్లు పక్కపక్కన ఉంటే అవి ఒకే రోజుల్లో రికార్డు చేసినవి కావచ్చు. తేదీ తెలియని పాటకు కాలం కట్టడానికి కలెక్టర్లు వాడే ఉపాయమిది. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అంకెలు తేలిపడతాయి.

అట్ట వెనక చిన్న అక్షరాలను ఇంకా శ్రద్ధగా చూడండి. ఇంగ్లండ్ గాయని వష్టి బన్యన్ 'జస్ట్ అనదర్ డైమండ్ డే' 1970లో వచ్చి దాదాపు ఎవరికీ తెలియకుండానే పోయింది. దాని అట్ట మీద నిర్మాత జో బాయ్డ్ పేరుంది, వాద్యాల కూర్పు చేసినవారిలో రాబర్ట్ కిర్బీ పేరుంది. వీళ్లిద్దరూ ఇంగ్లండ్ గాయకుడు నిక్ డ్రేక్‌తో పనిచేసినవాళ్లే. నిక్ డ్రేక్ పాటలు ఇష్టపడ్డవాళ్లు ఆ పేర్లు పట్టుకుని వెళితే వష్టి దగ్గరికి చేరతారు. ఆవిడ సంగీతం మానేసి పిల్లల్ని పెంచుకుంటున్నారు. 1990లలో కంప్యూటర్ కొనుక్కుని తన పేరు తానే వెతుక్కుంటే, తన రికార్డు కోసం జనం తిరుగుతున్నారని తెలిసింది. 2000లో ఆల్బమ్ మళ్లీ వచ్చింది, 2005లో ఆవిడ రెండో ఆల్బమ్ చేశారు. మధ్యలో ముప్పయ్యయిదేళ్లు!

కాబట్టి నోటు పుస్తకంలో గాయకుల పేర్లు రాసి ఊరుకోకండి. తబలా ఎవరు, వయొలిన్ ఎవరు, రాసిందెవరు, స్టూడియో ఏది... అన్నీ రాయండి. గాయని దొరక్కపోయినా ఆ తబలా ఆయన దొరకవచ్చు, ఆయనకు ఆవిడ ఎవరో గుర్తుండవచ్చు.

4. ఒకే మనిషికి నాలుగు పేర్లుంటాయి

వెతుకులాట ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. బాలసరస్వతీదేవి సంగతే చూడండి. కొన్ని రికార్డుల మీద ఆర్. బాలసరస్వతి, పెళ్లయ్యాక రావు బాలసరస్వతీదేవి. పేరు ఇంగ్లీషులో కొడితే మద్రాసు నాట్యకళాకారిణి టి. బాలసరస్వతి ముందుకొస్తారు. ఇద్దరూ వేరు. ఇంటి పేరు మారడం, ఇనిషియల్ మారడం, లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో మూడు రకాలుగా రాయడం మనకు మామూలే. ప్రతి రూపంలోనూ, తెలుగు లిపిలో కూడా వెతకండి.

అసలు పేరే వేయని సందర్భాలూ ఉన్నాయి. 1949 నాటి 'మహల్' సినిమాలో 'ఆయేగా ఆనేవాలా' పాట మొదటి రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు. సినిమాలో పాత్ర పేరు 'కామిని' అని అచ్చు వేశారు. లతాకే అలా జరిగితే చిన్న గాయనుల సంగతి చెప్పాలా? దీనికి ఎదురు కథ 1902 నాటిది. గౌహర్ జాన్ కలకత్తాలో పాడినప్పుడు పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పారు. రికార్డు జర్మనీలో అచ్చయ్యేది, అక్కడివాళ్లకు లేబుల్ మీద ఏ పేరు వేయాలో తెలియడానికి ఆ ఏర్పాటు. మీ దగ్గరున్న బాగా పాత రికార్డుకు లేబుల్ చిరిగిపోతే, చివరి నాలుగు క్షణాలు చెవి ఒగ్గి వినండి.

5. పాటలోనే చిరునామా ఉంటుంది

డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ 'కోల్డ్ ఫాక్ట్' 1970లో వచ్చి అమెరికాలో మునిగిపోయింది. దక్షిణాఫ్రికాలో మాత్రం ఇంటింటి రికార్డు అయింది. అక్కడివాళ్లు ఆయన వేదిక మీదే చనిపోయాడని నమ్మారు. రికార్డు మీద పాటలు రాసినవాళ్ల పేర్లు చూస్తే జీసస్ రోడ్రిగెజ్, సిక్స్త్ ప్రిన్స్ అని గందరగోళం. దారి చూపింది పాటలో వచ్చే ఒక ఊరి పేరు, డియర్‌బోర్న్. అది డెట్రాయిట్ పక్క ఊరని తెలిసి, అక్కడి నుంచి నిర్మాతను పట్టుకుంటే, గాయకుడు బతికే ఉన్నాడని ఆయన చెప్పాడు. 1998లో రోడ్రిగెజ్ దక్షిణాఫ్రికా వెళ్లి వేలమంది ముందు పాడాడు.

మన క్యాసెట్లలోనూ ఇలాంటి జాడలు దండిగా ఉంటాయి. వాగు పేరు, జాతర పేరు, యాస, ఒక కూరగాయకు ఆ ప్రాంతంలో వాడే మాట. పాట మొత్తం కాగితం మీద రాసుకోండి. వింటున్నప్పుడు దొరకనివి రాస్తున్నప్పుడు దొరుకుతాయి. చనిపోయారన్న మాట ఎవరు చెప్పినా, చూసినవాళ్లు చెప్పేదాకా నమ్మకండి.

6. వినే ముందు జాగ్రత్త

78 రికార్డును మామూలు ఎల్‌పీ సూదితో మోగించకూడదు. దాని గాడి వెడల్పుగా ఉంటుంది, అందుకే సుమారు మూడు మిల్ సూది కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). మామూలు ఎల్‌పీ సూది సుమారు 0.7 మిల్ మాత్రమే. పాత ఉక్కు ముల్లు పెట్టి వింటే ప్రతిసారీ రికార్డు కొంత అరుగుతుంది. తుడవడానికి స్పిరిట్ అసలు వద్దు. 78లు లక్కతో చేసినవి, స్పిరిట్ లక్కను కరిగిస్తుంది.

క్యాసెట్ అయితే ముందు వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరగదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. ఏళ్ల తరబడి తిప్పని టేపును ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి తిప్పి, తర్వాతే వినండి. మా ఇంట్లో ఒక క్యాసెట్‌ను ఆత్రంగా పెట్టి టేపు తెగ్గొట్టుకున్నాను. అందులో ఉన్న గొంతు ఇంకెక్కడా దొరకలేదు. ఇప్పటికీ బాధే.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఎంపీ3గా కాదు, వేవ్ ఫైలుగా, 24 బిట్‌లో దాచండి. గరగర శబ్దం తీసేయాలనిపిస్తే ఇంకో ప్రతి మీద చేయండి. మొదటి ప్రతిని గరగరతోనే ఉంచండి. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ శబ్దంతో పాటు గొంతును కూడా గీకేస్తుంది, రేపు ఇంతకంటే మంచిది రావచ్చు.

7. హక్కుల సంగతి

మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వచ్చిన రికార్డుకు 2020 చివరితో అది ముగిసింది. కానీ సాహిత్యం, బాణీ హక్కులు వేరు. అవి రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక 60 ఏళ్లు నడుస్తాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు కాబట్టి ఆయన పాటల సాహిత్యానికి 2040 చివరిదాకా హక్కుంది. మీరు వినడం, భద్రపరచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే కంపెనీనో, కుటుంబాన్నో అడగండి.

8. మనిషి దొరికాక

ఈ మెట్టు గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు మాత్రం మిగతా అన్నింటికంటే ఇదే ముఖ్యం.

గాయని ఇంటికి నేరుగా ఫోన్ చేసి 'మేడమ్, మీ పాత రికార్డు అమ్ముతారా' అని మొదలుపెట్టకండి. వెతికినవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ముందు కొడుకుకో కూతురికో ఒక చిన్న మెసేజ్ పెట్టండి. అమ్మగారి పాట ఎక్కడ విన్నారో, ఎందుకు నచ్చిందో రాయండి. ఆవిడ మాట్లాడటానికి ఇష్టపడకపోవచ్చు. పాడటం ఎందుకు ఆపేశారన్న ప్రశ్న వెనక అత్తవారింటి గొడవ ఉండవచ్చు, డబ్బు ఎగ్గొట్టిన కంపెనీ ఉండవచ్చు. అది మొదటి రోజు అడిగే ప్రశ్న కాదు.

ఫోన్లో పాట వినిపించి, 'అమ్మా, ఆ రోజు స్టూడియోలో మీతో పాటు ఎవరెవరున్నారు' అని అడగండి. తన గురించి చెప్పడానికి మొహమాటపడే మనిషి కూడా పక్కవాళ్ల గురించి హాయిగా చెబుతారు. హార్మోనియం ఆయన పేరు, టీ తెచ్చిన కుర్రాడి పేరు, ఆ రోజు కట్టుకున్న చీర రంగు కూడా వస్తాయి. అనుమతి తీసుకుని ఆ మాటలు రికార్డు చేయండి. ఫైలు పేరులో తేదీ వేయండి, ఆవిడ చెప్పిన పేర్లన్నీ చెప్పిన వరుసలోనే రాయండి. ఒక ప్రతి వాళ్లింట్లో ఇచ్చి రండి.