మెరైన్ బయాలజీలోకి రావాలంటే శ్రీకాకుళం డిగ్రీ విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

"మా కాలేజీలో మెరైన్ బయాలజీ లేదు కదా" అని జువాలజీ చదివేవాళ్ళు చాలామంది ఆగిపోతారు. ఆగక్కర్లేదు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం శ్రీకాకుళం నుంచి బస్సు దూరమే. విజయనగరం వాళ్ళకు చింతపల్లి రేవు ఉంది.

ముందుగా, పడవలు ఒడ్డుకు చేరే వేళకు అక్కడ ఉండండి. నోటుబుక్కు, పెన్సిలు (తడి కాగితం మీద పెన్ను రాయదు), స్కేలు, ఫోను చాలు. మొదటి రోజు ఊరికే చూడండి. బేరం జరుగుతుంటే అడ్డం పడకండి, అది వాళ్ళ కూడు. రెండు మూడు రోజులు కనిపిస్తే "ఏటి బాబూ, ఏటి రాసుకుంటన్నావు?" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు "మామయ్యా, దీన్నేమంటారు?" అని మొదలుపెట్టండి.

ప్రతి చేపకీ తేదీ, ఊరు, ఏ వలలో పడింది, ఊళ్ళో పిలిచే పేరు, మూతి నుంచి తోక చివరి దాకా పొడవు రాయండి. ఫొటోలో తల ఎడమవైపు ఉండాలి, పక్కన స్కేలు పెట్టాలి. చేపల శాస్త్రంలో అదే అలవాటు.

ఊరి పేరే కదా అని వదిలేయకండి. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలను బొమ్మలతో సహా 1803లో అచ్చువేయించాడు. అందులో ఇక్కడి పేర్లే రాసుకున్నాడు. అలా మన కానాగంత చేప 1816లో 'కనగుర్తా'గా శాస్త్రీయ నామంలోకి ఎక్కింది. ఇప్పటికీ అది రాస్ట్రెల్లిజర్ కనగుర్తాయే. మన జాలరి నోటి మాటను ప్రపంచమంతా పలుకుతోంది!

నేను చేసిన తప్పొకటి చెప్తాను. చదునుగా, పొడవాటి తోకతో కనిపించిన ప్రతి చేపనీ 'టేకు' అని ఒకే పేజీలో రాసేశాను. తీరా ఫొటోలు ఫిష్‌బేస్‌లో (చేపల వివరాలుండే వెబ్‌సైటు) పోల్చి చూస్తే అవన్నీ ఒకే జాతి కాదు. ఊరి పేరు దగ్గరే ఆగితే ఇలాగే అవుతుంది.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, కాబట్టి గుడ్లు ముట్టుకోవద్దు. అటవీశాఖ వాళ్ళను అడిగి, వాళ్ళతోనే వెళ్ళండి. టార్చి వేయకండి, పిల్లలు వెలుతురు వైపు దారి తప్పుతాయి.

మూడు నెలల నోట్సు చేతిలో ఉన్నాకే మెయిల్ రాయండి. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉన్నాయి. "సముద్రమంటే నాకు ప్రాణం" అనే మెయిళ్ళు వాళ్ళకు కొత్త కాదు. "ఇన్ని రోజులు చూశాను, ఇదీ పట్టిక, ఈ ఐదూ గుర్తుపట్టలేకపోయాను" అని పది లైన్లలో రాయండి. జవాబు రాకపోతే టెన్షన్ పడకుండా రెండు వారాల తర్వాత మళ్ళీ రాయండి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్పులకు దసరా నుంచే వెబ్‌సైటు చూస్తుండండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం. రేవులో పని తగ్గి, వలలు బాగుచేసుకునేవాళ్ళు తీరిగ్గా మాట్లాడే రోజులవి. ఫొటోలు పట్టుకెళ్ళి మళ్ళీ అడగండి. నా టేకు పేజీ ఆ రోజుల్లోనే నాలుగు పేర్లుగా విడిపోయింది.