బోల్టు కదలడం లేదా? విరిగిపోయిందా?

స్పానర్‌కి బోల్టు లొంగడం లేదు

చాలాసార్లు కారణం తుప్పే. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో ఉక్కు బోల్టు ఉంటే, తేమ తగిలినప్పుడు అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడిగా మరల్లో నిండుతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకే పల్చటి నూనె) కొట్టి పది నిమిషాలకే తిప్పకండి. రాత్రంతా నాననివ్వండి, మధ్యలో మళ్లీ కొట్టండి. బోల్టు తల మీద సుత్తితో నిటారుగా చిన్న దెబ్బలు వేస్తే తుప్పు పట్టు సడలుతుంది.

అయినా కదలకపోతే చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులవుతుంది. ముందు ఆయిల్ తుడిచేయండి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట అస్సలు వద్దు, క్లోరిన్ ఉన్న రకాలు వేడికి విషవాయువు వదులుతాయి.

తిరుగుతోంది, కానీ సాగుతున్నట్టు ఉంది

అది తిరగడం కాదు, మెలిపడటం. అక్కడే ఆగండి. కాస్త వెనక్కి బిగించి, ఆయిల్ వేసి, పావు చుట్టు ముందుకీ వెనక్కీ ఆడించండి. ఈ ఓపికే చాలా బోల్టులను కాపాడుతుంది.

తల అరిగి గుండ్రమైంది

పన్నెండు మూలల సాకెట్ పక్కన పెట్టి, ఆరు మూలలది గట్టిగా కొట్టి ఎక్కించండి.

విరిగింది, ముక్క బయటికి ఉంది

స్టడ్‌కి (తల లేని బోల్టు ముక్కకి) మరలు మిగిలి ఉంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టుని విప్పే వైపు తిప్పండి. మరలు లేకపోతే నట్టు పెట్టి వెల్డింగ్ చేయించడమే నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి. వెల్డింగ్ వేడికే సగం పట్టు వదులుతుంది.

రంధ్రం లోపలే విరిగింది

ఇక్కడ తొందరపడితే హెడ్డే పాడవుతుంది. డ్రిల్ చేసే ముందు గుంట పెట్టే సెంటర్ పంచ్ సరిగ్గా మధ్యలో పడాలి. పక్కకి జరిగిన డ్రిల్ బిట్ మెత్తని అల్యూమినియంలోకి దిగిపోతుంది. ఎడమవైపు తిరిగే బిట్ వాడితే, డ్రిల్ చేస్తుండగానే ముక్క బయటికి రావచ్చు. ఎక్స్‌ట్రాక్టర్‌ని (డ్రిల్ చేసిన రంధ్రంలో పట్టుకుని ముక్కని విప్పే పనిముట్టుని) బలవంతంగా తిప్పకండి. అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు బిట్ దాన్ని కోయలేదు. ఏదీ పనిచేయకపోతే, ఎం8 బోల్టుకి (8 మి.మీ. వ్యాసం, 1.25 మి.మీ. పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం) 6.8 మి.మీ. వరకు డ్రిల్ చేసి ట్యాప్ అనే మరలు కోసే పనిముట్టుతో మరలు శుభ్రం చేయాలి. మరలు పోతే ఇన్సర్ట్ (కొత్త మరలిచ్చే లోపలి తొడుగు) వేయాలి.

కొత్తది బిగించే ముందు అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో ఆయిల్ మిగలకుండా చూడండి, బిగించేటప్పుడు ఆ ఆయిల్ ఒత్తిడికి ఇంజిన్ బ్లాక్ పగలొచ్చు. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాస్తే ఘర్షణ తగ్గుతుంది, పొడి మరలకి చెప్పిన టార్క్ (బిగించే బలం) అప్పుడు ఎక్కువైపోతుంది.