ఇమ్జాద్‌ని కాపాడాలంటే ముందు వాయించే చేతుల్ని వీడియో తీయండి

ఇమ్జాద్ అనే వాద్యాన్ని కాపాడదామని ఒకటి కొని గోడకి తగిలిస్తే లాభం లేదు. వాయించే పెద్దావిడ దగ్గరికి వెళ్లి కూర్చోండి. అల్జీరియా, మాలి, నైజర్ దేశాల్లో సహారా ఎడారి పొడవునా బతికే తువారెగ్ తెగ ఆడవాళ్లు కమానుతో వాయించే ఒంటి తీగ వాద్యం ఇది. వాయించేది ఆడవాళ్లే, దాంతో పాటు వీరుల మీద కట్టిన పద్యాలు మగవాళ్లు పాడతారు. 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే, కానీ ఇది పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదు, పక్కన కూర్చుని చూసి, విని పట్టుకోవాల్సిందే, అందుకే ఒక పెద్దావిడ పోతే ఆవిడకి మాత్రమే వచ్చిన వరసలు కూడా ఆవిడతోనే పోతాయి.

వీడియో తీసేటప్పుడు కెమెరా ముఖం మీదే పెట్టేస్తారు చాలామంది. రెండో కెమెరా, లేదా ఫోనైనా సరే, ఎడమచేతి వేళ్లకి దగ్గరగా పెట్టండి. వేలు తీగ మీద ఎక్కడ ఆనింది, ఎంత మెల్లగా ఆనింది, కమాను ఎక్కడ తిరిగింది అన్నీ కనపడాలి. ఒకే వరసని మూడు నాలుగు సార్లు, ఒకసారి నిదానంగా వాయించమని అడగండి. ఆ వరస పేరేంటి, ఎవరి గురించి కట్టారు అనేది ఆవిడ భాషలోనే, ఆవిడ గొంతులోనే రికార్డ్ చేయండి, అనువాదం తర్వాత చూసుకోవచ్చు.

తయారీ కూడా మొదటి నుంచి తీయాలి. మన కిన్నెర చూసినవాళ్లకి బుర్ర వాద్యం కొత్తేం కాదు, ఇక్కడ మాత్రం ఎండిన బుర్రని సగానికి కోసి దాని మీద మేక తోలు బిగిస్తారు. తీగ గుర్రపు వెంట్రుకలతో చేస్తారు, అసలు ఇమ్జాద్ అంటేనే వెంట్రుక అని అర్థం. తోలు ఎంత తడిపారు, ఎంత లాగి కట్టారు అనేవి మాటల్లో చెప్తే అందవు, చేతులు చూపించాల్సిందే.

దాచేటప్పుడు తీగ వదులు చేయండి. తేమ తగిలితే తోలు సాగుతుంది, మరీ ఎండితే పగులుతుంది, బుర్రకీ వెంట్రుకలకీ పురుగు పడుతుంది, నెలకోసారి తీసి చూడండి.

రికార్డింగ్ కాపీ ఒకటి ఆ కుటుంబానికి ఇచ్చి, వాళ్లు సరేనంటేనే బయట పెట్టండి. డబ్బు ఖర్చు పెట్టగలిగితే నేర్పే ఆవిడకి జీతంగా ఇవ్వండి, అల్జీరియాలోని తమన్‌రాసెట్‌లో పెద్దవాళ్ల చేత అమ్మాయిలకి నేర్పించే బడి ఉంది, అలాంటివాటికి పంపండి. ఇంకొక ఇమ్జాద్ చేయించి నేర్చుకునే పిల్ల చేతికివ్వండి, ఇంటికి తీసుకెళ్లి వాయించుకోనివ్వండి.