ఇంగ్లీషు క్రియలతో కుస్తీ – 7: రిస్టోర్

పోయిన పాఠంలో రిపేర్ గురించి చెప్పి, చివర్లో "రాత్రి పదింటికి కరెంటొచ్చింది" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నాను. సగం మంది "పవర్ వాజ్ రిపేర్డ్" అని పంపారు. తప్పు కొంత నాదే. బాగుచెయ్యడమంటే రిపేర్ అని చెప్పి ఊరుకున్నాను. లైన్‌మన్ స్తంభమెక్కి రిపేర్ చేసేది తీగని, కరెంటుని కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక రిపేర్ అయినవి లైన్లు, రిస్టోర్ అయింది సరఫరా.

భూతకాలం రూపాలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

రిస్టోర్‌లో ఎప్పుడూ ఒక 'మునుపు' దాక్కుని ఉంటుంది. మా నాన్నగారి పాత వాల్వు రేడియో మూగబోతే, మెకానిక్ లోపలంతా పీకేసి చిన్న ఎఫ్.ఎం. బోర్డు పెడతానన్నాడు. పాటలొస్తాయి, అది రిపేరే. నేను ఒప్పుకోలేదు. అదే రకం వాల్వు వెతికి, చెక్క పెట్టెకి పాత రంగే వేయించి, విరిగిన నాబ్‌కి జత తెప్పిస్తే అది రిస్టోర్. ఖర్చు మూడింతలైందని ఇంట్లో ఇప్పటికీ సాధిస్తారు.

సొంతదారుకి తిరిగి ఇప్పించడమూ రిస్టోరే. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారితే, దాన్ని స్వాధీనం చేసుకుని మళ్లీ ఆ పేదవాడికే అప్పగించే వీలు 1977 నాటి చట్టంలో ఉంది. అక్కడ వాడిన మాట ఇదే. ఎవరికి ఇచ్చినా, ఏ స్థితికి తెచ్చినా పక్కన 'టు' పెట్టండి, చాలు.

ఫోన్లో బ్యాకప్ సంగతి మీకే బాగా తెలుసు. కోర్టులో అయితే, వాయిదాకి ఎవరూ రాక కొట్టేసిన కేసుని మళ్లీ ఫైలు మీదికి తెమ్మని వేసేది రిస్టోరేషన్ పిటిషన్. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో దాంపత్య హక్కులకి మాత్రం ఈ మాట కాదు, 'రెస్టిట్యూషన్' అని వాడారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షన్ చెల్లదంది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వేరే కేసులో చెల్లుతుందంది. విడిగా ఉంటున్న మనిషిని కాపురానికి రమ్మనడం అక్కడ రెస్టిట్యూషన్. రేడియోకి ఒక మాట, కాపురానికి ఇంకో మాట!

ఇక నాకు ఒళ్లు మండే విషయం: "రిస్టోర్ బ్యాక్". ఆ 'బ్యాక్' ఎందుకండీ? వెనక్కి తేవడం ఆ మాటలోనే ఉంది. "రిటర్న్ బ్యాక్", "రివర్ట్ బ్యాక్" కూడా ఈ బాపతే. ఇంగ్లీషు రాక చేసిన తప్పని సరిపెట్టుకుందామంటే, తెలుగులోనూ ఇదే చేస్తాం. "రైళ్లను తిరిగి పునరుద్ధరించారు" అంటాం. 'పునః' అంటేనే తిరిగి. "మళ్లీ పునఃప్రారంభం" అయితే మూడోసారి మొదలుపెట్టినట్టుంది. గేటుకి గొళ్లెం పెట్టి, దానికి తాళం వేసి, పైన తాడు కట్టినట్టు. నా జవాబు పత్రాల్లో 'బ్యాక్' కనబడితే సున్నా, బతిమాలినా సరే.

అభ్యాసం: రేపటి పేపర్లో 'పునరుద్ధరణ' ఉన్న ఐదు వాక్యాలు వెతకండి. ఆ మాట వాడకుండా ఒక్కోదాన్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయండి. తర్వాత అదే వాక్యం ఇంగ్లీషులో, రిస్టోర్ సరిపోని చోట రిపేరో రెన్యూనో పెట్టి. రెన్యూ ఇంకా చెప్పలేదు కదా అంటారు. మీ బండి ఇన్సూరెన్స్ కాగితం తీసి చూడండి.