కీళ్ల నొప్పుల పాఠాలు – 4: రెక్క లేవకపోతే ముందు ఏం చూడాలి

మోకాళ్ల పాఠాలు అయిపోయాయి. ఈసారి, వచ్చేసారి భుజం గురించి నేర్చుకుందాం. మోకాలు నొప్పి పెడితే నడక ఆగుతుంది కాబట్టి ఇంట్లో అందరికీ తెలుస్తుంది. భుజం అలా కాదు. జడ వేసుకోలేకపోతున్నా, రవిక వెనక్కి తొడుక్కోలేకపోతున్నా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా ఆడవాళ్లు నెలల తరబడి ఎవరికీ చెప్పరు. ఒడిశాలోని మన బరంపురం మగ్గాల దగ్గర మగవాళ్లదీ ఇదే తీరు. ఒక చేత్తో తాడు లాగి నాడె పంపుతూ, ఇంకో చేత్తో పలక కొడుతూ, నొప్పి వచ్చినా చీర పూర్తయ్యేదాకా ఓర్చుకుంటారు. గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగే మన జాలరివాళ్లు, గంజాం తోటల్లో కొక్కెం కర్రతో మొగలిపూలు దింపేవాళ్లు కూడా అంతే. చివరికి మందుల షాపుకి వెళ్లి "రెక్క నొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటారు.

భుజం నొప్పి అంతా ఒకటే జబ్బు కాదు. ఒకరికి మేలు చేసే వ్యాయామం ఇంకొకరికి నొప్పి పెంచుతుంది. అందుకే ఈ పాఠంలో మొదట నేర్చుకునేది వైద్యం కాదు, గుర్తుపట్టడం.

భుజం కీలు ఎలా ఉంటుందో కొంచెం తెలియాలి. చేతి ఎముక పైభాగం పెద్ద గుండు. అది కూర్చునే గుంట మాత్రం చాలా లోతు తక్కువ, చిన్న సాసరులో పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు. అందుకే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, అందుకే త్వరగా దెబ్బ కూడా తింటుంది. ఆ గుండుని గుంటలో నిలబెట్టేవి రెక్క ఎముక నుంచి వచ్చే నాలుగు చిన్న కండరాలు. వాటి చివర ఉండే గట్టి నారల్ని స్నాయువులు అంటారు. ఈ కీలు చుట్టూ మెత్తటి పొర ఒకటి సంచిలా ఉంటుంది. నొప్పి స్నాయువులో ఉందా, ఆ సంచిలో ఉందా అన్నది తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు పరీక్ష. ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. అత్తగారికి నొప్పి అయితే కోడలు చెయ్యొచ్చు, నాన్నకయితే కొడుకు.

నొప్పి ఉన్నవాళ్లు నిటారుగా నిలబడాలి. రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించి, ముంజేతులు నేరుగా ముందుకి చాపాలి. మోచెయ్యి పక్కకి జరిగిపోకుండా మధ్యలో మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. ఇది తప్పనిసరి. తువ్వాలు లేకపోతే ఒళ్లంతా తిరిగి, చెయ్యి తిరిగినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు తలుపు రెక్కలు తెరిచినట్టు రెండు ముంజేతుల్నీ బయటికి తిప్పమనండి. బాగున్న చెయ్యి ఎంత తిరిగింది, నొప్పి ఉన్న చెయ్యి ఎంత తిరిగింది, రెండూ పోల్చి చూడండి. తర్వాత మీరే ఆ మణికట్టు పట్టుకుని నెమ్మదిగా, బలవంతం లేకుండా ఇంకొంచెం బయటికి తిప్పండి. ఎక్కడ ఆగిపోయిందో గమనించండి.

వాళ్లంతట వాళ్లు తిప్పినప్పుడు ఎక్కడ ఆగిందో మీరు తిప్పినా దాదాపు అక్కడే ఆగిందా? అయితే చాలావరకు కీలు సంచి బిగుసుకుపోయిందని అర్థం. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. ఎర్నెస్ట్ కాడ్మన్ అనే అమెరికన్ సర్జన్ 1934లో పెట్టిన పేరు అది. అదే, వాళ్లు తిప్పలేకపోయినా మీరు తిప్పితే సాఫీగా తిరిగిందంటే కీలు బాగానే ఉంది, తేడా స్నాయువులో ఉంది.

స్నాయువు నొప్పికి ఇంకో గుర్తు కూడా ఉంది. చెయ్యి పక్కకి ఎత్తుతూ పోతే మొదట ఏమీ ఉండదు. భుజం ఎత్తుకి కొంచెం కింద నుంచి కొంచెం పైదాకా, అంటే సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య, కలుక్కుమంటుంది. అది దాటితే మళ్లీ తగ్గుతుంది. మగ్గం మీద పనిచేసేవాళ్లలో, వల లాగేవాళ్లలో ముందు దీని కోసమే చూడండి. పడ్డ తర్వాత చెయ్యి అసలు లేవకపోయినా, మీరు ఎత్తి వదిలితే నిలవకుండా పడిపోయినా స్నాయువు తెగి ఉండొచ్చు. అప్పుడు వ్యాయామం మొదలుపెట్టకూడదు, డాక్టరు చూడాలి.

నొప్పి మోచెయ్యి దాటి వేళ్లదాకా దిగుతూ, తిమ్మిరెక్కుతూ, మెడ తిప్పితే పెరుగుతూ ఉంటే అది మెడ నుంచి వస్తున్నది. దాన్ని వచ్చే పాఠానికి ఉంచుదాం.

బిగుసుకున్న భుజం గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే జనం ఎక్కువగా భయపడతారు. ఇది 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లకి ఎక్కువ, మగవాళ్లకంటే ఆడవాళ్లకి కొంచెం ఎక్కువ. మామూలు జనంలో నూటికి 2 నుంచి 5 మందికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో 10 నుంచి 20 మందికి వస్తుంది. అందుకే దెబ్బేమీ తగలకుండా భుజం పట్టేసిందంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి. పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ ఉన్నట్టే, నిర్ధారణకి డాక్టరు ఇంకోసారి చూస్తారు. థైరాయిడ్ కూడా చూపించుకోవడం మంచిది. ఎక్స్‌రే ఈ జబ్బులో మామూలుగానే ఉంటుంది. అయినా కీలు అరుగుదల గానీ, కీలు తప్పడం గానీ లేదని తేల్చుకోవడానికి ఒకసారి తీయించాలి. బరంపురంలో అందరూ ఎం.కె.సి.జి. అనే మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇచ్ఛాపురం వాళ్లకీ అది దగ్గరే.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి కొన్ని నెలలు నొప్పి ఎక్కువ, రాత్రిళ్లు మరీ ఎక్కువ. తర్వాత నొప్పి తగ్గుతుంది గానీ చెయ్యి కదలదు. ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. ఇది విని నీరసపడకండి. ఎక్కువమందికి చాలావరకు కదలిక తిరిగి వస్తుంది. కొందరికి చివర్లో కొద్దిగా బిగువు మిగులుతుంది.

మొదటి దశలో చెయ్యి గట్టిగా సాగదీయకూడదు. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను. తెలిసినవాళ్లెవరో వచ్చి చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజితే వదులవుతుందని నమ్మి చాలామంది నొప్పిని రెట్టింపు చేసుకుంటున్నారు. నూనె రాసి మృదువుగా మర్దన చేస్తే ఫరవాలేదు, గుంజడం మాత్రం వద్దు. పడుకునేటప్పుడు బాగున్న వైపుకి తిరిగి, ముందు ఒక దిండు పెట్టుకుని నొప్పి చెయ్యి దాని మీద వేయండి. పావుగంట వేడినీళ్ల కాపడం పెట్టి, ఆ వెంటనే ఈ వ్యాయామం చేయండి: బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకి వంగి, నొప్పి చెయ్యి వదులుగా వేలాడదీసి, ఒంటిని ఊపుతూ చెయ్యి దానంతటదే చిన్న సున్నాలు చుట్టేలా చూడండి. దీనికీ కాడ్మన్ పేరే. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు చాలు.

రాత్రి నొప్పి తగ్గాకే రెండో మెట్టు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించండి. ఇంకొకటి: మోచెయ్యి ఒంటికి ఆనించి, రెండు చేతులతో గొడుగు కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో నొప్పి చేతిని బయటికి నెట్టండి. ఒక్కొక్కటి పదిసార్లు. చేశాక పెరిగిన నొప్పి గంటలో తగ్గిపోతే సరిగ్గా చేసినట్టు. మర్నాటిదాకా సలుపుతుంటే సగానికి తగ్గించండి.

మాత్రల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. సరిహద్దుకి ఆవల, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కుదిపేసిందో మనకి వేరే చెప్పనక్కర్లేదు. దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి భారమని మాత్రం తేలిన సంగతే. ఉద్దానంలో బంధువులున్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్లు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చేయించకుండా వీటిని నెలల తరబడి వాడొద్దు. సంతల్లో అమ్మే పేరులేని వాతం పొడులు అసలొద్దు, అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. డాక్టరు కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరు. నొప్పి దశలో అది బాగా ఉపశమనం ఇస్తుంది. కాకపోతే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పి, రోజూ చూసుకోవాలి.

ఎడమ భుజం నొప్పితో పాటు గుండె మీద బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ఈ పరీక్షలేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చే పాఠానికి ఒక పని చేసి ఉంచండి. గోడ మీద వేళ్లు ఎంత ఎత్తుకి పాకాయో సుద్దతో గీత గీసి పక్కన తేదీ రాయండి. రెండో చేతికీ ఒక గీత గీయండి. వారానికి ఒకసారి చూస్తే చాలు. స్నాయువు నొప్పి అని తేలినవాళ్లు అప్పటిదాకా భుజం ఎత్తుకి పైన చేసే పనులు తగ్గించండి, చెయ్యి మాత్రం గుడ్డతో కట్టి ఉంచకండి. వాళ్ల కండరాలకి బలం పెంచే వ్యాయామాలు, మెడ పరీక్ష 5వ పాఠంలో.