బతుకుదెరువుకు ఊరు దాటినా ఓటు పోకుండా చూసుకోవడం ఎలా?

2023 నవంబర్ 30న జరిగిన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద సుమారు 71 శాతం పోలింగ్ నమోదైంది. మునుగోడులో అది 91 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటేయలేదు. నల్లగొండ, పాలమూరు నుంచి పట్నానికో, ముంబై, పుణెకో పనికి పోయినవాళ్లు పోలింగ్ రోజు ఊరికొచ్చి ఓటేయాలంటే ఆ ఏర్పాట్లు చాలా ముందే మొదలుపెట్టాలి.

ముందు జాబితాలో పేరు చూసుకోండి

కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టేనని చాలామంది నమ్ముతారు. కానీ జాబితాలో పేరుంటేనే ఓటు. ఇంటికి తాళమేసి ఉన్నప్పుడు బీఎల్‌వో (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) వస్తే, ఇక్కడ ఉండట్లేదని రాసుకుపోయే ప్రమాదం ఉంది. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో కార్డు నంబర్ కొడితే పోలింగ్ కేంద్రం, వరుస సంఖ్య కనిపిస్తాయి. పేరుతో వెతికితే స్పెల్లింగ్ తేడా వల్ల ఒక్కోసారి దొరకదు. అప్పుడు టెన్షన్ పడకుండా మీ బూత్ జాబితా మొత్తం డౌన్‌లోడ్ చేసి, ఇంటి నంబర్, తండ్రి లేదా భర్త పేరు పట్టుకుని ఒక్కో పేజీ చూడండి. నెట్ లేనివాళ్లు ఓటరు హెల్ప్‌లైన్ నంబర్ 1950కి ఫోన్ చేయొచ్చు.

కొన్నాళ్లు పనికోసం బయట ఉన్నంత మాత్రాన ఊళ్లో ఓటు పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. ఈ మాట బీఎల్‌వోకు ధైర్యంగా చెప్పండి.

పేరు లేకపోతే

కొత్తగా నమోదుకు ఫారం 6. తప్పుల సవరణకు, చిరునామా మార్పుకు ఫారం 8. కుటుంబంతో సహా హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లు అక్కడికి మార్చుకోవాలి, రెండు చోట్ల ఓటు ఉండకూడదు. నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెడితే దరఖాస్తు ఆ ఎన్నికకు అందకపోవచ్చు.

సెలవు అడగండి

పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు మీ హక్కు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ కింద అది రోజుకూలీలకూ వర్తిస్తుంది. పని చేసేది వేరే ఊళ్లో అయినా సరే. ఇవ్వని యజమానికి జరిమానా మాత్రం 500 రూపాయలు మించదు. పాలమూరు కూలీ ఒక రోజు కూలి, బస్సు ఖర్చు లెక్కేసుకుంటే ఇది మరీ అన్యాయం, పెంచి తీరాలి. మేస్త్రీకి వారం ముందే చెప్పి పెట్టండి. ముందురోజు సాయంత్రం హైదరాబాద్‌లోని ఎల్బీనగర్‌లో, ఆరాంఘర్‌లో బస్సు దొరకడం కష్టం కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.

బూత్‌లో

ఓటరు స్లిప్ ఒక్కటే చూపిస్తే కుదరదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్‌లలో ఏదైనా పట్టుకెళ్లండి. కార్డులో చిన్న అక్షర దోషం ఉన్నా, మనిషి మీరేనని తేలితే చాలు. బటన్ నొక్కాక, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం అద్దంలో స్లిప్ 7 సెకన్లు కనిపిస్తుంది, చూసుకునే బయటికి రండి. గడువు ముగిసేలోపు క్యూలో నిలబడితే ఎంత ఆలస్యమైనా ఓటు వేయనిస్తారు.

మీ ఓటు అప్పటికే ఎవరో వేశారని చెబితే వెనక్కి తిరిగి రావద్దు. మీరు మీరేనని గుర్తింపు చూపించి, బూత్ బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. ఆయన మీ సంతకం లేదా వేలిముద్ర తీసుకుని, బ్యాలెట్ పత్రం ఇచ్చి, ఆ ఓటును విడిగా కవర్‌లో భద్రపరచాలి.